రక్తం గడ్డకట్టడం, రక్త జబ్బులు: ల్యాబ్ కిటికీ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లో ఒక ల్యాబ్‌లో ఇరవై ఏళ్లకు పైగా రక్త పరీక్షలు చేస్తున్నాను. డాక్టర్ని కాదు. రిపోర్టు చేతికి రాగానే, డాక్టరు గదిలోకి వెళ్లేలోపు, జనం మా కిటికీ దగ్గర నిలబడి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. తెనాలి నుంచి వచ్చినా, సత్తెనపల్లి నుంచి వచ్చినా ఇంచుమించు అవే ప్రశ్నలు. వెనక క్యూ ఉంటుంది కాబట్టి అక్కడ ఒక్క ముక్కలో చెప్పి పంపించేస్తాను. అలా పంపించిన ప్రతిసారీ మనసులో వెలితిగానే ఉంటుంది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. మందు మొదలుపెట్టడం, ఆపడం మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే చేయండి.

అసలు రక్తం ఎలా గడ్డకడుతుంది?

కత్తిపీట మీద వంకాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. ముందు తెగిన రక్తనాళం ముడుచుకుంటుంది. వెంటనే రక్తంలో తిరుగుతున్న ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు వచ్చి ఆ చోట అతుక్కుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుని చిన్న బిరడాలా కడతాయి. అది తాత్కాలికమే. గట్టిగా నిలవాలంటే ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, కరిగి ఉండే కొన్ని ప్రొటీన్లు పని మొదలుపెట్టాలి. వాటినే క్లాటింగ్ ఫ్యాక్టర్లు అంటాం. ఒకటి ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని లేపుతుంది, చివరికి ఫైబ్రిన్ అనే సన్నటి దారాలు వలలా అల్లుకుని ఆ బిరడాను బిగిస్తాయి. పాలు తోడుకున్నట్టే, అప్పటిదాకా పారేది ఒక్కసారిగా నిలబడిపోతుంది.

ఫ్యాక్టర్లకు 1 నుంచి 13 దాకా నంబర్లున్నాయి, 6 మాత్రం లేదు. మొదట 6 అని పేరుపెట్టింది చైతన్యం పొందిన 5వ ఫ్యాక్టరేనని తర్వాత తేలడంతో ఆ నంబరు తీసేశారు. వీటిలో ఎక్కువ భాగం కాలేయంలోనే తయారవుతాయి. 2, 7, 9, 10 నంబర్లవి సరిగా తయారవ్వాలంటే విటమిన్ కె కావాలి. పుట్టిన బిడ్డకు అది చాలా తక్కువగా ఉంటుంది. కాన్పు గదిలోనే బిడ్డ తొడకు వేసే చిన్న ఇంజెక్షన్ అదే. "పుట్టీ పుట్టగానే సూది ఎందుకు" అని దయచేసి అడ్డు చెప్పకండి. అది వేయకపోతే కొందరు పిల్లలకు మెదడులో రక్తస్రావం అవుతుంది.

గాయం మానాక ఆ గడ్డను కరిగించే ఏర్పాటు కూడా శరీరంలోనే ఉంది. గడ్డ కట్టాల్సిన చోట కట్టకపోవడం ఒక రకం జబ్బు, కట్టకూడని చోట కట్టడం ఇంకో రకం.

గుంటూరు కారం తింటే రక్తం పలచబడుతుందా?

లేదు. మిరపకాయ కడుపులో మంట పెడుతుందేమో గానీ గడ్డకట్టే తీరును మార్చదు. "రక్తం పలచబడే మాత్ర" అనే మాట వల్లే ఈ గందరగోళం. ఆ మాత్రలు రక్తంలో నీళ్లు కలపవు. కొన్ని మాత్రలు ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వవు, ఇంకొన్ని మాత్రలు ఫ్యాక్టర్ల పని తగ్గిస్తాయి. చూడటానికి రక్తం అంతే చిక్కగా ఉంటుంది.

ఆపరేషన్‌కి ముందు బీటీ, సీటీ చేయించారు. రెండూ నార్మల్. ఇక రక్తస్రావం భయం లేనట్టేనా?

అలా అనుకోవద్దు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క జవాబు కోసమే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

వేలికో చెవి తమ్మెకో చిన్నగా పొడిచి, రక్తం ఎన్ని నిమిషాలకు ఆగిందో చూసేది బీటీ. సన్నటి గాజు గొట్టంలో రక్తం ఎంతసేపటికి గడ్డకట్టిందో చూసేది సీటీ. పాత పరీక్షలు, చవక, ఎక్కడైనా చేస్తారు. కానీ తేలికపాటి హీమోఫీలియా (పుట్టుకతోనే ఒక ఫ్యాక్టర్ తక్కువగా ఉండే జబ్బు) ఉన్నవాళ్లకు, వాన్ విల్లబ్రాండ్ జబ్బు (ప్లేట్‌లెట్లను అతికించే ప్రొటీన్ లోపం) ఉన్న కొందరికి ఇవి నార్మల్‌గానే వస్తాయి. ప్లాస్మా గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచే పీటీ, ఏపీటీటీ పరీక్షలు వీటికంటే చాలా మెరుగు. అయినా అవీ అన్నిటినీ పట్టుకోలేవు. 13వ ఫ్యాక్టర్ లోపంలో ఆ రెండూ నార్మల్ వస్తాయి. రక్తం ఆగినట్టే ఆగి, తర్వాత మళ్లీ కారుతుంది. పసితనంలో బొడ్డు ఊడిన చోట రోజుల తరబడి రక్తం వచ్చిందని ఇంట్లో పెద్దవాళ్లు చెబితే తప్ప ఆ పరీక్ష రాయాలని ఎవరికీ తోచదు.

మా చెల్లెలి సంగతే చెబుతాను. పదమూడేళ్లప్పుడు టాన్సిల్స్ ఆపరేషన్. బీటీ, సీటీ రెండూ బాగున్నాయి. ఆ రాత్రి మొదలైన రక్తం తెల్లారేదాకా ఆగలేదు, రెండు బాటిళ్లు ఎక్కించారు. తర్వాత తేలింది వాన్ విల్లబ్రాండ్ జబ్బు అని. మా అమ్మకు పన్ను పీకినప్పుడు రెండు రోజులు రక్తం కారిన సంగతి మా అందరికీ తెలుసు. ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడగానే ఉంటుంది.

కాబట్టి ఆపరేషన్ ముందు ఇంట్లో కూర్చుని గుర్తు చేసుకోండి. పన్ను పీకించుకున్నప్పుడు ఎంతసేపు కారింది? చెవులు కుట్టించినప్పుడు? దుర్గమ్మ దగ్గర పుట్టు వెంట్రుకలు తీయిస్తుంటే కత్తి గీసుకుని బిడ్డకు రక్తం ఆగకుండా వచ్చిందా? కాన్పులో రక్తం ఎక్కించాల్సి వచ్చిందా? మేనమామకు దెబ్బ తగలకుండానే మోకాళ్లు వాచేవా? ఊరికే ఒంటి మీద నల్లటి కములు కనిపిస్తాయా? వీటిలో ఒక్కదానికి అవునన్నా, డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.

హీమోఫీలియా ఉన్న పిల్లాడికి చిన్న దెబ్బ తగిలినా రక్తమంతా పోతుందా?

ఇది చాలామందికి ఉన్న అపోహ. రక్తం వేగంగా పోదు, ఎక్కువసేపు పోతుంది. గీసుకున్న గాయం గట్టిగా నొక్కిపడితే ఆగుతుంది కూడా. అసలు బాధ లోపల. మోకాలు, మోచేయి, చీలమండ కీళ్లలోకి రక్తం చేరుతుంది. పిల్లాడు పాకే వయసులోనో నడక నేర్చే వయసులోనో కీలు వాచి, వేడెక్కి, కాలు కదపకుండా ఏడుస్తాడు. మళ్లీ మళ్లీ అలా జరిగితే కీలు అరిగిపోయి అవిటితనం వస్తుంది. అన్నిటికంటే ప్రమాదం తలకు దెబ్బ. పైకి ఏమీ కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

8వ ఫ్యాక్టర్ తక్కువైతే హీమోఫీలియా ఎ, 9వది తక్కువైతే బి. ఎ రకం సుమారు 5 వేల మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది, బి అంతకంటే అరుదు. ఫ్యాక్టర్ 1 శాతం లోపు ఉంటే తీవ్రం, 1 నుంచి 5 శాతం మధ్యస్థం, 5 నుంచి 40 శాతం తేలిక. తేలిక రకం పెద్దయ్యేదాకా, ఒక్కోసారి పన్ను పీకించుకునేదాకా బయటపడదు.

లేని ఫ్యాక్టర్‌ను నరానికి ఎక్కించడమే ప్రధాన చికిత్స. ఎ రకానికి ఎమిసిజుమాబ్ అనే మందు వచ్చింది. దాన్ని చర్మం కింద, వారానికో రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి వేస్తారు. పిల్లల నరం దొరక్క ఏడ్చే తల్లులకు అది పెద్ద ఊరట. ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి: కీలు వాస్తే కదపకుండా పెట్టి ఐసు పెట్టండి, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వకండి, ఆర్‌ఎంపీ దగ్గర కండకు ఇంజెక్షన్ చేయించకండి. మర్దనా అసలు వద్దు. వాచిన కీలు మీద నూనె రాసి పిసకడం వల్ల రక్తస్రావం ఇంకా పెరిగిన పిల్లల్ని నేను చూశాను.

మేనరికం వల్లే మా బాబుకి హీమోఫీలియా వచ్చిందంటున్నారు. కోడల్ని నిందిస్తున్నారు. నిజమేనా?

మేనరికానికీ హీమోఫీలియాకూ సంబంధం లేదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి వాహకురాలైతే, అంటే జబ్బు జన్యువును మోస్తుంటే, పుట్టే ప్రతి కొడుకుకూ సగం అవకాశం, ప్రతి కూతురూ వాహకురాలు కావడానికి సగం అవకాశం. తండ్రికి జబ్బు ఉంటే కూతుళ్లందరూ వాహకులే, కొడుకులెవరికీ రాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, సుమారు మూడో వంతు పిల్లల్లో కుటుంబంలో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. జన్యువు ఎవరూ కోరి తెచ్చుకునేది కాదు. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. బిడ్డ నొప్పితో ఏడుస్తుంటే రాత్రంతా భుజాన వేసుకుని తిరిగేది ఆమే. ఆమెను నిందించకండి. ఆమెకూ ఫ్యాక్టర్ పరీక్ష చేయించండి. వాహకురాళ్లలో కొందరికి ఫ్యాక్టర్ తక్కువగా ఉండి నెలసరిలో, కాన్పులో రక్తం ఎక్కువ పోతుంది.

మేనరికంతో ముప్పు పెరిగేవి వేరే ఉన్నాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు కలిస్తేనే వచ్చే జబ్బులు అవి: హిమోగ్లోబిన్ సరిగా తయారవ్వని తలసీమియా, 13వ ఫ్యాక్టర్ లోపం, ప్లేట్‌లెట్లు లెక్కకు సరిగ్గా ఉన్నా ఒకదానికొకటి అతుక్కోని గ్లాంజ్‌మన్ జబ్బు.

మా అమ్మాయికి నెలసరి పది రోజులు వస్తోంది. "మన ఇంట్లో అందరికీ అంతే" అంటోంది అత్తయ్య.

ఇంట్లో అందరికీ అంతే అంటే, అదే అనుమానించాల్సిన విషయం. వంశంలో వచ్చే రక్తస్రావ జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది వాన్ విల్లబ్రాండ్ జబ్బు. 1926లో ఫిన్లాండ్ డాక్టర్ ఎరిక్ వాన్ విల్లబ్రాండ్ ఒకే కుటుంబంలో దీన్ని గుర్తించి రాశారు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా వస్తుంది, కానీ నెలసరి, కాన్పుల వల్ల ఆడవాళ్లలోనే ఎక్కువ బయటపడుతుంది.

ఏడు రోజులు దాటడం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, పది రూపాయల నాణెం కంటే పెద్ద గడ్డలు పడటం, రాత్రి లేచి బట్టలు మార్చుకోవడం, వీటిలో ఏది ఉన్నా మామూలు అనుకోకండి. గైనకాలజిస్టుకు చెప్పేటప్పుడు ముక్కు నుంచి రక్తం రావడం, చిగుళ్లు కారడం కూడా ఉన్నాయేమో చెప్పండి. ట్రానెక్సామిక్ యాసిడ్ లాంటి చవకైన మాత్రలతోనే చాలామందికి ఎంతో తేడా కనిపిస్తుంది. కారణం తెలియక గర్భసంచి తీయించుకునేదాకా వెళ్లిన ఆడవాళ్లు ఉన్నారు. అది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

మా అబ్బాయికి డెంగీ. ప్లేట్‌లెట్లు నిన్న 80 వేలు, ఇవాళ 42 వేలు. వెంటనే ఎక్కించాలి కదా?

వానాకాలం వచ్చిందంటే రోజుకు ఇరవై సార్లు వినే ప్రశ్న. మామూలుగా ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. డెంగీలో పడిపోవడం ఆ జబ్బు నడకలో భాగం. జ్వరం తగ్గే రోజుల్లో, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో బాగా తగ్గి, తర్వాత వాటంతట అవే పెరుగుతాయి. రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10 వేల లోపుకు దిగితేనే ముందుజాగ్రత్తగా ఎక్కిస్తారు. రక్తస్రావం ఉంటే లెక్క వేరు, అది డాక్టరు చూసి నిర్ణయిస్తారు. 42 వేలుండి పిల్లాడు నీళ్లు తాగుతూ, మూత్రం పోస్తూ, మాట్లాడుతూ ఉంటే ప్లేట్‌లెట్ల కోసం విజయవాడ, గుంటూరు బ్లడ్ బ్యాంకులన్నీ తిరగక్కర్లేదు. ఎక్కించినవి కూడా డెంగీలో ఎక్కువసేపు నిలవవు, పైగా రియాక్షన్లు రావచ్చు.

డెంగీలో మనిషిని ముంచేది ఎక్కువసార్లు ప్లేట్‌లెట్లు కాదు, రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోవడం. దాన్ని చూపించేది రిపోర్టులో పీసీవీ అనే అంకె, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా ఎంత శాతమో చెప్పేది. అందరూ ప్లేట్‌లెట్ల గడి దగ్గరే ఆగిపోతారు, నేనేమో పక్కనున్న పీసీవీ చూస్తాను. ప్లేట్‌లెట్లు పడిపోతూ పీసీవీ పెరుగుతోందంటే జాగ్రత్త. కడుపు నొప్పి వదలకుండా ఉండటం, వాంతులు ఆగకపోవడం, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగతగా పడి ఉండటం లేదా చిరాకు, చేతులూ కాళ్లూ చల్లబడటం, మూత్రం తగ్గడం, ఇవి ప్రమాద సూచనలు. జ్వరం తగ్గింది కదా అని ఇంటికి తీసుకొచ్చేసే రోజే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాల్సిన రోజు.

జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు. ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇస్తూ ఉండండి. బొప్పాయి ఆకు పసరు సంగతి కూడా అడుగుతారు. దానివల్ల ప్రాణాలు నిలిచాయని రుజువు కాలేదు. ఆ చేదుకు వాంతి చేసుకుని, తాగిన నీళ్లు కూడా పోగొట్టుకునే పిల్లలకు మాత్రం నష్టమే.

ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. రిపోర్టులో ప్లేట్‌లెట్లు 25 వేలని వచ్చింది. టెన్షన్‌తో చచ్చిపోతున్నాం.

ముందు ఊపిరి పీల్చుకోండి. ఊదారంగు మూత గొట్టంలో ఈడీటీఏ అనే పదార్థం ఉంటుంది. కొందరి రక్తంలో దానివల్ల ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుంటాయి. మిషన్ గుంపును ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూస్తే ఆ గుంపులు కనిపిస్తాయి. నీలం మూత గొట్టంలో మళ్లీ తీసి లెక్కపెడితే అసలు సంఖ్య తెలుస్తుంది. "స్మియర్ చూశారా?" అని అడగడం మీ హక్కు. అడిగితే మేం ఏమీ అనుకోం.

నిజంగానే తగ్గి, ఒంటి మీద చిన్న చిన్న ఎర్రటి చుక్కలు కనిపిస్తుంటే ఐటీపీ కావచ్చు. శరీరంలోని రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు అది. పిల్లల్లో జలుబో జ్వరమో వచ్చిపోయాక వస్తుంది, చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. పెద్దవాళ్లలో ఎక్కువ కాలం ఉంటుంది, స్టెరాయిడ్లు, ఎల్‌ట్రోంబోపాగ్ లాంటి మందులున్నాయి.

నాన్నగారికి గుండెలో వాల్వు మార్చారు. అసిట్రోమ్ వాడుతున్నారు. గోంగూర మానేయాలా?

గుంటూరులో ఉండి గోంగూర మానేయమని చెప్పడానికి నాకు నోరు రాదు, చెప్పాల్సిన అవసరం కూడా లేదు. అసిట్రోమ్, వార్ఫరిన్ మాత్రలు విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. ఆ విటమిన్ ఆకుకూరల్లో ఎక్కువ. పాలకూర, తోటకూర, మునగాకు, గోంగూర అన్నీ అందులోకే వస్తాయి. నెలంతా ముట్టకుండా ఉండి, శ్రావణంలో పెళ్లిళ్లు వచ్చాయని వారం రోజులు వరసగా తింటే మందు పని తగ్గిపోతుంది. బాగా తినేవాళ్లు హఠాత్తుగా మానేస్తే మందు పని మితిమీరుతుంది. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అలాగే రెండుసార్లు తినండి. ఆ లెక్కకు సరిపడా డాక్టరు మోతాదు పెడతారు.

చూడాల్సింది పీటీ ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎంత ఎక్కువ సమయం పడుతోందో చెప్పే అంకె. మందు వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. చాలా జబ్బులకు 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. లోహపు మైట్రల్ వాల్వు ఉన్నవాళ్లకు 2.5 నుంచి 3.5. తక్కువైతే వాల్వు మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, ఎక్కువైతే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం. మూడు నెలలు పరీక్ష చేయించకుండా వచ్చే పెద్దాయనలను చూస్తే భయమేస్తుంది. మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయోటిక్‌లు, నొప్పి మాత్రలు, పంటి ఇన్‌ఫెక్షన్‌కు మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు, ఇవి వేసుకునే ముందు ఈ మందు వాడుతున్న సంగతి చెప్పితీరాలి. చిన్న వయసు ఆడవాళ్లు వాల్వు ఉండి గర్భం ప్లాన్ చేసుకుంటే ముందే కార్డియాలజిస్టును కలవండి, ఈ మాత్ర కడుపులో బిడ్డకు హాని చేయగలదు.

స్టెంట్ వేశారు. పన్ను పీకించుకోవాలి. ఎకోస్ప్రిన్ ఆపేయమని పక్కింటాయన చెప్పాడు.

ఆపకండి. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరినే. అది తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే ఏడు నుంచి పది రోజులు, సరిగా అతుక్కోకుండా అలాగే ఉంటుంది, కాబట్టి ముందురోజు ఆపినా పెద్దగా లాభం లేదు. పన్ను దగ్గర రక్తాన్ని దూదితో నొక్కి ఆపొచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే గుండెపోటే. పంటి డాక్టరు, గుండె డాక్టరు మాట్లాడుకుని చెప్పినట్టు చేయండి.

అమ్మానాన్నలు అమెరికా వెళ్తున్నారు. విమానంలో కాళ్లలో రక్తం గడ్డకడుతుందట కదా?

నాలుగు గంటలు దాటిన ప్రయాణం ఏదైనా, కదలకుండా కూర్చుంటే ఆ ముప్పు కొంత పెరుగుతుంది. విజయవాడ నుంచి హైదరాబాదో ఢిల్లీయో వెళ్లి, అక్కణ్నుంచి అమెరికా చేరేసరికి ఒక రోజు గడిచిపోతుంది. పిక్కలోని లోతు సిరల్లో కట్టే గడ్డను డీవీటీ అంటారు. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాంతకం. కూర్చున్నచోటే మడమలు పైకి కిందికి ఆడించడం, గంటా రెండు గంటలకోసారి లేచి నడవడం, నీళ్లు తాగడం చాలు, మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు. బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసే అమ్మలకు ఈ మాట గట్టిగా చెప్పండి. ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్లు, ఈమధ్య మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, కాన్సర్ మందులు వాడేవాళ్లు టికెట్ కొనేముందే డాక్టరును అడగండి.

ఒక కాలు పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే డాప్లర్ స్కాన్ చేయించాలి. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, ఇవి వస్తే 108కి ఫోన్ చేయండి.

బాలింతను నెల రోజులు మంచం దిగనివ్వకూడదు, నీళ్లు తక్కువ ఇవ్వాలి అంటారు మా నాయనమ్మ.

మనవరాలి మీద ప్రేమతోనే నాయనమ్మ అలా అంటారు. కానీ ఈ ఒక్క పత్యం మాత్రం పాటించకండి. కాన్పులో ఎక్కువ రక్తం పోకుండా గర్భిణి శరీరం గడ్డకట్టే గుణాన్ని పెంచుకుంటుంది. కాన్పయ్యాక ఆరు వారాలు ఆ గుణం ఎక్కువగానే ఉంటుంది. అదే సమయంలో కదలకుండా పడుకోబెట్టి, నీళ్లు తగ్గించి, చెమటలు పట్టే గదిలో తలుపులు మూసి ఉంచితే కాళ్లలో గడ్డ కట్టే ముప్పు పెరుగుతుంది. మెదడులోని సిరల్లో కూడా కట్టవచ్చు. మన దేశంలో బాలింతల్లో అది కనిపించే జబ్బే. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, ఒక చెయ్యి పట్టు తప్పడం, ఇవి వస్తే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించి కూర్చోకండి. అదే రోజు స్కాన్ చేయించాలి. గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ మందు సమయానికి మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు.

సిజేరియన్ అయినా డాక్టరు చెప్పిన రోజు నుంచే మెల్లగా నడిపించండి. దాహం వేసినంత నీళ్లు ఇవ్వండి. పాలు పడటానికి కూడా నీళ్లు కావాలి. కాయం, నెయ్యి, మిగతా పత్యం మీ ఇష్టం.

వ్రతం ఉందని నెలసరి వాయిదా మాత్రలు వేసుకుంటాం. ఏమైనా అవుతుందా?

చాలామందికి ఏమీ కాదు. కానీ ఇంతకుముందు కాలిలో గడ్డ కట్టినవాళ్లు, తల్లికో అక్కకో చిన్న వయసులో అలా జరిగినవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు డాక్టరుకు చూపించకుండా వేసుకోకూడదు. మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది కదా అని ధైర్యం చేయకండి.

రక్తపింజర కరిస్తే రక్తం విరిగిపోతుందంటారు. ఏమిటది?

ఊరి మాటలో "విరిగిపోవడం" అంటే గడ్డకట్టే గుణం పోవడం. రక్తపింజర విషం 5, 10 ఫ్యాక్టర్లను ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. ఒంట్లో ఉన్న ఫ్యాక్టర్లన్నీ ఖర్చయిపోతాయి, ఇక రక్తం గడ్డకట్టదు. కాటు దగ్గర, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం వస్తుంది. కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. వరి కోతల కాలంలో పొలాల నుంచి మనుషుల్ని మోసుకొస్తారు. 2018లో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై జనం ఎంత బెదిరిపోయారో ఈ చుట్టుపక్కల అందరికీ గుర్తే.

ఆసుపత్రిలో చేసే పరీక్ష చాలా సులువు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతాం. తర్వాత వంచి చూస్తే ఇంకా నీళ్లలా జారుతోందంటే విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. కాటు మీద కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి, పసరు మందుకు తిప్పకండి. కాలు కదలకుండా పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడమే.

ఎండాకాలం పిల్లలకు ముక్కు నుంచి రక్తం వస్తోంది. వేడి చేసిందా?

విజయవాడ రోహిణి కార్తె ఎండకు ముక్కు లోపలి పొర ఎండి పగులుతుంది, పిల్లలు గోకుతారు, అంతే. కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. తల వెనక్కి వంచితే రక్తం గొంతులోకి పోతుంది. అరగంట దాటినా ఆగకపోయినా, తరచూ వస్తున్నా, ఒంటి మీద కములు కూడా ఉన్నా చూపించండి.

రక్తం తక్కువుందని ఏడాదిగా ఐరన్ మాత్రలు వాడుతున్నాం. హిమోగ్లోబిన్ పెరగడం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5 ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎక్కువగా ఐరన్ లోపమే. మాత్ర వేసుకున్న గంటలోపు టీ, కాఫీ తాగకుండా ఉండి, నిమ్మరసమో ఉసిరికాయో తీసుకుంటే బాగా ఒంటబడుతుంది.

అయినా పెరగకపోతే రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్టు మళ్లీ చూడండి. ఎర్ర కణాల సైజు చెప్పే ఎంసీవీ బాగా తక్కువగా ఉండి, ఎర్ర కణాల సంఖ్య మాత్రం మామూలుగా, లేదా ఎక్కువగా ఉంటే తలసీమియా మైనర్, అంటే చెడ్డ జన్యువు ఒక్కటే ఉన్న రకం, అయ్యే అవకాశం ఉంది. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హిమోగ్లోబిన్ ఎ2 3.5 శాతం దాటితే దాదాపు అదే. వాళ్లు జీవితాంతం మామూలుగానే ఉంటారు. ఐరన్ లోపం కూడా ఉందని పరీక్షలో తేలితే తప్ప ఏళ్ల తరబడి ఐరన్ మింగక్కర్లేదు.

కానీ భార్యాభర్తలిద్దరూ మైనర్ అయితే ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం బిడ్డకు మేజర్, అంటే రెండు చెడ్డ జన్యువులూ కలిసిన తీవ్రమైన రకం, వచ్చేందుకు. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తీసే మందులు వాడాలి. పెళ్లి చూపులకు జాతకాలతోపాటు ఈ ఒక్క పరీక్ష చేయించమని, ముఖ్యంగా మేనరికం అనుకునేవాళ్లను, చేతులు జోడించి అడుగుతున్నాను. పెళ్లయిపోయి గర్భం వచ్చి ఉంటే, మూడో నెల లోపలే పరీక్ష చేయించుకుంటే కడుపులో బిడ్డకు ఉందో లేదో తెలుసుకునే దారి ఉంది.

పచ్చకామెర్లకు పసరు పోయించాం. ఇప్పుడు పీటీ ఎక్కువ వచ్చిందంటున్నారు.

ఫ్యాక్టర్లు తయారయ్యేది కాలేయంలో అని మొదట్లో చెప్పాను. పీటీ పెరిగిందంటే కాలేయం ఆ పని కూడా చేయలేకపోతోందని అర్థం. మాటల్లో తడబాటు, పగలు నిద్ర ఉంటే ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లండి.

ప్రభుత్వం నుంచి సాయం ఏమైనా ఉందా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగే జబ్బు) ఉన్నాయి. సర్టిఫికెట్ తీసుకుంటే చదువులో, ఉద్యోగంలో హక్కులు వస్తాయి. తలసీమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్లకు రాష్ట్ర పింఛను ఉంది, మీ సచివాలయంలో అడగండి. ఫ్యాక్టర్ కోసం గుంటూరు, విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో అడగండి. బయల్దేరేముందు స్టాక్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

గడ్డకట్టే పరీక్షకు మళ్లీ శాంపిల్ ఇమ్మంటున్నారు. మొదటిసారి సరిగ్గా తీయలేదా?

కొన్నిసార్లు అంతే. నీలం మూత గొట్టంలో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ ఉండాలి. గీత దాకా నిండకపోతే గడ్డకట్టే సమయం ఎక్కువగా కనిపిస్తుంది. ఎండలో బైకు మీద రెండు ఊళ్లు తిరిగి వచ్చిన శాంపిల్‌నూ నమ్మలేం, ఏపీటీటీ నాలుగు గంటల్లోపు చేయాలి. సందేహం ఉన్న రిపోర్టు ఇచ్చి పంపే బదులు మళ్లీ సూది గుచ్చుతున్నామంటే అది మీ కోసమే. వచ్చేటప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని తెచ్చుకోండి. పేర్లు గుర్తులేకపోయినా మేం అట్ట చూసి రాసుకుంటాం.